ఎత్తిన బండి, మెత్తటి నేల: డెల్టాలో సస్పెన్షన్ మార్పుల లెక్క

క్లుప్తంగా: స్ప్రింగులు మార్చి జీపు ఎత్తు పెంచడం పనిలో సగమే. ఆ ఎత్తుకు తగ్గట్టు స్టీరింగ్ కోణాలు, షాకబ్జర్లు, ఇరుసుకు శక్తి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు, బ్రేకు గొట్టాలు సరిచేయకపోతే బండి మునుపటికన్నా అధ్వానంగా నడుస్తుంది. రాళ్లూ కొండలూ లేని గోదావరి డెల్టాలో ఎత్తు వల్ల ఒనగూరేది కొంతే. టైరు, అందులో గాలి, ఇరుసు బ్రీదర్ల (లోపలి గాలి వచ్చిపోయే రంధ్రాల) మీద పెట్టే ఖర్చుకు ఇక్కడ ఫలితం ఎక్కువ.

సంక్రాంతి మూడు రోజులూ భీమవరం, అమలాపురం చుట్టుపక్కల ఆగి ఉన్న బండ్ల వరస చూస్తే మార్పు తెలిసిపోతుంది. ఒకప్పుడు బొలెరోలు, ఇన్నోవాలు బారులు తీరిన చోట ఇప్పుడు పెద్ద టైర్లేసి రెండు మూడంగుళాలు పైకెత్తిన థార్‌లు, జిమ్నీలు, పాత జిప్సీలు కూడా కనిపిస్తున్నాయి. వీటిలో కొన్ని ఇక్కడే మార్పించినవి, కొన్ని బయటి ఊళ్ల నుంచి సెకండ్ హ్యాండ్‌లో ఎత్తి ఉండగానే కొనుక్కొచ్చినవి. యజమానుల ఫిర్యాదులు మాత్రం ఒకేలా ఉంటాయి. 216 జాతీయ రహదారి మీద ఎనభై దాటితే స్టీరింగ్ నిలవదు. కాలువ గట్టు మీద గుంతలో పడితే ముందు నుంచి దబ్బున చప్పుడొస్తుంది. ఒక వేగం దగ్గరకొచ్చేసరికి కాళ్ల కింద వణుకు మొదలవుతుంది.

మూడింటికీ మూలం ఒక్కటే. కంపెనీ ఒక ఎత్తును ఖాయం చేసుకుని కోణాలన్నీ లెక్కగట్టింది. ఎత్తు మార్చినవాళ్లు ఆ కోణాల జోలికి పోలేదు.

ముందు, ఎక్కడ తగులుతోందో చూడాలి

గ్రౌండ్ క్లియరెన్స్ అంటే చదును నేలకూ, బండి అడుగున అన్నిటికన్నా కిందకున్న భాగానికీ మధ్య ఖాళీ. 2020లో వచ్చిన థార్‌కు కంపెనీ చెప్పిన లెక్క 226 మిల్లీమీటర్లు, జిమ్నీకి 210. కిందకున్న ఆ భాగం ఏదన్నదాని మీదే మిగతా చర్చంతా ఆధారపడి ఉంది. జిమ్నీకి ముందూ వెనకా గట్టి ఇరుసులే. రెండు చక్రాలనూ కలుపుతూ ఒకే హౌసింగు, అందులో ఉబ్బెత్తుగా డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్లు). ఆ హౌసింగు స్ప్రింగులకు దిగువన ఉంటుంది. అందుకని స్ప్రింగులు ఎంత పొడుగు చేసినా లేచేది ఛాసిస్సూ (అడుగునున్న ఉక్కు చట్రం) బాడీయే, హౌసింగు ఉన్నచోటే ఉండిపోతుంది. దాన్ని లేపగలిగేది టైరొక్కటే. అదీ సగానికి సగం: టైరు వ్యాసం రెండంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది అంగుళం. థార్‌లో ముందువైపు ఏ చక్రానికాచక్రం విడిగా ఆడే ఇండిపెండెంట్ సస్పెన్షన్ కాబట్టి అక్కడి డిఫరెన్షియల్ ఛాసిస్‌తో పాటు లేస్తుంది. వెనక మాత్రం గట్టి ఇరుసు, కథ జిమ్నీదే.

డెల్టాలో ఇది పుస్తకాల్లోని తేడాగా మిగలదు. దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు అకాల వాన పడ్డాక ధాన్యం ట్రాక్టర్లు తిరిగిన పుంతదారిని చూస్తే చాలు. వాటి చక్రాలు రెండు లోతైన గాడులు చేస్తాయి, నడుమ మిట్ట మిగులుతుంది. గాడిలోకి దిగిన జీపులో ఆ మిట్టకు ముందుగా తగిలేది హౌసింగు. నాలుగంగుళాలు ఎత్తించిన బండి అయినా సరే, డిఫరెన్షియల్ మిట్ట మీద కూర్చుందంటే చక్రాలు బురదలో ఊరికే తిరుగుతాయి. ఆ తర్వాత ట్రాక్టరే రావాలి.

ఎత్తు నిజంగా పనికొచ్చే చోట్లు లేకపోలేదు. చెరువు గట్టు మీదికి నిటారుగా ఎక్కే వాలులో ముందు బంపరు నేలకు తగలకపోవడం, ఏటిగట్టు శిఖరం దాటేటప్పుడు బండి నడుం ఆనకపోవడం, రేవులో పంటు (బండ్లను ఏరు దాటించే పడవ) ఎక్కే బల్లల దగ్గర వెనక భాగం గీసుకోకపోవడం ఎత్తుతో వచ్చేవే. వీటికి అంగుళంన్నర, రెండంగుళాలు సరిపోతాయి.

టైరు లెక్క కూడా చూద్దాం. థార్‌కు వచ్చే 255/65 ఆర్18 టైరు వ్యాసం సుమారు 789 మి.మీ. దాని బదులు 33 అంగుళాల టైరు, అంటే 838 మి.మీ. వేస్తే ఇరుసు కింద 25 మి.మీ. దాకా నికరంగా కలిసొస్తుంది. స్పీడోమీటరు అరవై చూపేసరికి బండి దాదాపు అరవై నాలుగులో ఉంటుంది. గేర్ల లాగుడు ఆ మేరకు తగ్గుతుంది, బ్రేకులకు పని పెరుగుతుంది.

ఎత్తే పద్ధతులు, వాటి వెనక మెలికలు

పాత జీపులు, జిప్సీలు కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) మీద నడుస్తాయి. వీటి ఎత్తు పెంచడానికి కట్టతోనే చేసే దారులు మూడు: కట్టలో అదనపు పట్టీ వేయడం, ఉన్న పట్టీలకు వంపు కొట్టించడం, పొడవైన షాకిల్ (కట్ట కొసను ఛాసిస్‌కు కలిపే లంకె) బిగించడం. మొదటి దానితో ఎత్తుతో పాటు బిగుసుతనం కూడా పెరిగి, ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. రెండోది చవక, అందరికీ తెలిసిన పని. అయితే సుత్తితో చల్లగా కొట్టిన వంపు బరువు మోసేకొద్దీ మళ్లీ వాలిపోతుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి వంపు తెచ్చినప్పుడు తిరిగి గట్టిపరిచి టెంపరింగ్ చేయాలి. ఆ పని చేయకుండా వదిలేస్తే ఉక్కు తన గుణం కోల్పోతుంది. వెనక ఇరుసుకూ కట్టకూ మధ్య దిమ్మ పెట్టడం నాలుగో దారి. దిమ్మ ఎంత పొడుగైతే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇరుసు కట్టను మెలితిప్పే బలం అంత పెరుగుతుంది. ముందు ఇరుసుకు దిమ్మ పెట్టడం ప్రమాదం. స్టీరింగ్, బ్రేకు బలాలు రెండూ ఆ దిమ్మ మీదే పడతాయి.

చుట్టల స్ప్రింగులున్న బండ్లలో సరైన దారి పొడవైన స్ప్రింగు, దానికి జతగా పొడవైన షాకబ్జరు. చవక దారి స్పేసరు. స్పేసర్లు రెండు రకాలు. ఇవి చేసే పని వేరు, చెడగొట్టేదీ వేరు. షాకబ్జరు, స్ప్రింగు జత మొత్తం నెత్తిన కూర్చునే స్పేసరు వేస్తే చక్రం వేలాడినప్పుడు కంపెనీ అనుకున్నదానికన్నా కిందకు జారుతుంది, బాల్ జాయింట్లు, యాక్సిల్ జాయింట్లు హద్దు దాటి వంగుతాయి. స్ప్రింగు మీద మాత్రమే కూర్చునే స్పేసరు వేస్తే షాకబ్జరు మామూలు నిలకడలోనే చాలావరకు సాగిపోయి ఉంటుంది. గుంతలోకి చక్రం దిగగానే షాకబ్జరు చివరికంటా వచ్చి కొట్టుకుంటుంది. కాలువ గట్టు మీద వినిపించే దబ్బు చప్పుడుకు చాలాసార్లు కారణం ఇదే.

బాడీని ఛాసిస్ నుంచి దిమ్మలతో లేపే బాడీ లిఫ్టు సస్పెన్షన్‌ను ముట్టుకోదు. పెద్ద టైరుకు చోటిస్తుంది, అంతవరకే.

చెదిరే కోణాలు

ముందు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత నిలువుగా ఉండదు. సైకిల్ ముందు ఫోర్కులా పైభాగం కాస్త వెనక్కి వాలి ఉంటుంది. ఈ వాలు పేరు క్యాస్టర్. తిప్పిన స్టీరింగ్‌ను వదిలేస్తే తనంతట తాను నేరుగా రావడం, వేగంలో చెయ్యి తేలిగ్గా పెట్టినా బండి గీత తప్పకపోవడం దీని వల్లే. జిమ్నీలో ముందు ఇరుసును పట్టి ఉంచే ఆర్ములు ఇరుసు నుంచి వెనక్కి వెళ్లి ఛాసిస్‌కు తగులుకుంటాయి. ఛాసిస్ లేచిందంటే ఆర్ము వెనక కొస కూడా లేస్తుంది, ఇరుసు ముందుకు దొర్లుతుంది, క్యాస్టర్ తగ్గుతుంది. అప్పుడు స్టీరింగ్ తేలికైపోయి, నేరుగా ఉన్న రోడ్డు మీద కూడా అటూ ఇటూ సవరిస్తూ నడపాల్సి వస్తుంది. దీనికి మందు ఆర్ము కొసల్లో రంధ్రం పక్కకు జరిగిన ప్రత్యేక బుష్‌లు (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగులు), లేదా కోణం సరిచేసిన ఆర్ములు. మామూలు అలైన్‌మెంట్ షాపులో టో (చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం) సరిచేసి పంపితే క్యాస్టర్ సరికాదు. జిమ్నీలాంటి బండికి ఆ సర్దుబాటు కంపెనీ నుంచే లేదు.

ఇరుసు పక్కలకు జరగకుండా అడ్డంగా పట్టుకునే రాడ్డు ఒకటుంటుంది. ఒక కొస ఛాసిస్‌కు, ఇంకో కొస ఇరుసుకు. బండి లేచేకొద్దీ ఈ రాడ్డు ఏటవాలుగా మారి, ఛాసిస్ కొస ఉన్న వైపుకు ఇరుసును లాగుతుంది. రాడ్డు 900 మి.మీ. ఉండి, రెండు కొసల మధ్య వాలు 50 నుంచి 100 మి.మీ.కు పెరిగితే ఇరుసు సుమారు 4 మి.మీ. పక్కకు జరుగుతుంది. కొంపలు మునిగే తేడా కాదు. స్టీరింగ్ లింకు వాలు, ఈ రాడ్డు వాలు సమానంగా లేనప్పుడు వచ్చేదే అసలు ఇబ్బంది. గుంతలో పడగానే స్టీరింగ్ చేతిలో ఒక్క లాగు లాగుతుంది. ఒకదాన్ని సరిచేసి రెండోదాన్ని వదిలేసిన బండ్లలో ఇది మరీ ఎక్కువ.

థార్ ముందువైపు ఈ బాధలు వేరే రూపంలో వస్తాయి. ఆర్ములు కిందకు వాలడంతో చక్రం నిలువు చెదిరి టైరు ఒక అంచున అరుగుతుంది. యాక్సిల్ షాఫ్టు జాయింట్లు నిరంతరం వంపులోనే తిరుగుతాయి. వాటి రబ్బరు తొడుగు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరిగితే గ్రీజు బయటికొస్తుంది, బురదనీళ్లు లోపలికి పోతాయి. పొడిప్రాంతంలో నెలల తరబడి లాగించే చిరుగు డెల్టా బురదలో అంతకాలం ఆగదు.

ఇక కాళ్ల కింద వణుకు. ప్రొపెల్లర్ షాఫ్టుకు రెండు కొసలా ఉండే క్రాస్‌లు (వంపులోనూ తిరగగల జాయింట్లు) ఒకే కోణంలో ఉంటే, ఒక దాని వేగంలో వచ్చే ఎగుడుదిగుడును రెండోది చెల్లగొడుతుంది. వెనక భాగం లేపినప్పుడు ఈ రెండు కోణాలూ వేరయ్యాయంటే షాఫ్టు తిరిగిన ప్రతిసారీ రెండు అదురులు పుడతాయి. చక్రాల బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఇది పోదు. కట్టల బండ్లలో ఇరుసు కింద చీలిక ఆకారపు షిమ్ము, చుట్టల స్ప్రింగు బండ్లలో పొడవు మార్చుకోగల ఆర్ము వేసి కోణం కలపాలి.

బ్రేకుల దగ్గర రెండు చోట్ల జాగ్రత్త కావాలి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు రబ్బరు గొట్టం బిగుసుకుపోకూడదు. బండిని గ్యారేజీ లిఫ్టు మీద పెట్టి, నాలుగు చక్రాలూ వేలాడుతుండగా స్టీరింగ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూస్తే గొట్టంలోనూ, ఏబీఎస్ తీగలోనూ వదులు మిగిలిందో లేదో తెలిసిపోతుంది. రెండోది తక్కువమంది గమనించేది. కొన్ని బండ్లలో ఛాసిస్ మీద ఒక వాల్వు, దాని నుంచి వెనక ఇరుసుకు ఒక సన్నటి రాడ్డు ఉంటాయి. వెనక బరువు పడి ఛాసిస్ కిందకొస్తే వెనక బ్రేకులకు ఒత్తిడి ఎక్కువ పంపమని, లేస్తే తగ్గించమని ఆ రాడ్డు చెబుతుంది. బండి ఎత్తాక వాల్వు దృష్టిలో బండి ఎప్పుడూ ఖాళీయే. వెనక పది మేత బస్తాలు వేసినా వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గించే పంపుతుంది. రాడ్డు తగులుకునే చోటును ఎత్తు పెరిగినంత మేర మార్చితే సమస్య తీరుతుంది.

షాకబ్జరు మోయదు, ఆపుతుంది

బరువు మోసేది స్ప్రింగు. ఊగుతున్న స్ప్రింగు శక్తిని నూనెలో వేడిగా మార్చి ఆపేది షాకబ్జరు. స్ప్రింగు బిగుసుగా మారితే దాన్ని ఆపడానికీ ఎక్కువ బలం కావాలి. పాత షాకబ్జరు మీద కొత్త బిగుసు స్ప్రింగు వేస్తే బండి ఒకసారి ఎగిరి రెండు మూడుసార్లు ఊగుతుంది. స్ప్రింగు మార్చకుండా గట్టి షాకబ్జరు మాత్రమే వేస్తే వరస గుంతల్లో చక్రం తిరిగి కిందకు దిగే వ్యవధి దొరకదు, సస్పెన్షన్ మెల్లగా లోపలికి ముడుచుకుపోయి చివరికి ఛాసిస్ కొట్టుకుంటుంది.

డెల్టాలో బండి వాడకం ఇక్కడ లెక్కలోకి వస్తుంది. ఉదయం రొయ్యల మేత బస్తాలతో చెరువుకు, సాయంత్రం ఇద్దరు మనుషులతో ఊళ్లోకి. ముందు విన్చి (దిగబడ్డ బండిని తాడుతో లాగే యంత్రం), ఇనుప బంపరు బరువులకు లెక్కగట్టి అమ్మే బిగుసు స్ప్రింగుల సెట్టు, ఆ బరువులు లేని బండికి పడదు. కుదిపేస్తుంది, పైగా సెట్టు పెట్టె మీద రాసినదానికన్నా అంగుళం ఎక్కువ లేస్తుంది. వెనక బరువు మారుతూ ఉండే బండికి మొదట మెత్తగా, నొక్కేకొద్దీ బిగుసుగా మారే స్ప్రింగు మేలు.

గట్టు అంచున

ఎత్తు ఖరీదు తెలిసేది గట్ల మీదే. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె, బండి ఎంత తేలిగ్గా పక్కకు పడుతుందో చెబుతుంది. ఉదాహరణకు వెడల్పు 1520 మి.మీ., గురుత్వ కేంద్రం 700 మి.మీ. ఎత్తున ఉందనుకుంటే ఆ అంకె 1.09. లిఫ్టు, టైర్లు కలిసి కేంద్రాన్ని 60 మి.మీ. లేపితే 1.00 అవుతుంది. కాగితం మీద పడిపోయే కోణం 47 డిగ్రీల నుంచి 45కి తగ్గినట్టు. రెండు డిగ్రీలేగా అనిపిస్తుంది. నిజం బండిలో స్ప్రింగులు ఒక పక్కకు నొక్కుకుంటాయి, టైర్లు ఒత్తుకుంటాయి, లోపలి మనుషులు ఒరుగుతారు. అసలు హద్దు కాగితం హద్దుకు చాలా ముందే వస్తుంది.

రొయ్యల చెరువు గట్టు అంచు నానినప్పుడు ఒక పక్క చక్రాలు అరమీటరు దిగబడితే బండి సుమారు 19 డిగ్రీలు ఒరుగుతుంది. పొడవైన మెత్తటి స్ప్రింగుల మీద, యాంటీ రోల్ బారు (రెండు పక్కల చక్రాలను కలిపి ఒరుగుడు ఆపే రాడ్డు) తీసేసిన బండిలో బాడీ ఒరుగుడు దానికి అదనం. ఇక పక్కన ఉన్నది చెరువో కాలువో. రాతినేలల్లో చక్రాలు స్వేచ్ఛగా ఆడటానికి యాంటీ రోల్ బారు తీసేసేవాళ్లున్నారు. డెల్టాలో ఆ పని అనవసరం. చక్రాలు అంతగా ఆడాల్సిన నేల ఇక్కడ లేదు, ఒరుగుడు ఆపాల్సిన గట్లు మాత్రం ఊరూరా ఉన్నాయి.

నీళ్లలో ఎత్తు ఎంతవరకు

ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక మట్టం 17.75 అడుగులు. నీరు ఆ దరిదాపుల్లోకి వచ్చేసరికి కోనసీమ లంకల దారులు చాలావరకు మునిగి ఉంటాయి. 2022 జూలైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలినప్పుడు పడవలే దిక్కయ్యాయి. ఎత్తిన జీపుంటే ఇలాంటి రోజున కాజ్‌వే దాటొచ్చన్న నమ్మకం లిఫ్టు చేయించేవాళ్లలో బలంగా ఉంది.

థార్‌కు కంపెనీ చెప్పిన నీటి లోతు 650 మి.మీ., అదే తరహా జీపు ఫోర్స్ గూర్ఖాకు 700. ఇవి నిలకడ నీటిలో, నెమ్మదిగా వెళ్లడానికి ఇచ్చిన లెక్కలు. రెండంగుళాల లిఫ్టుతో ఇంజిను గాలి పీల్చే చోటు 50 మి.మీ. లేస్తుంది, ఆ మేరకు లాభం నిజమే. పారే నీటిలో లెక్క మారిపోతుంది. ప్రవాహ వేగం రెట్టింపైతే బండి పక్కన పడే తోపుడు నాలుగు రెట్లవుతుంది. పైగా బాడీ అడుగు వైశాల్యం 5 చదరపు మీటర్లు అనుకుంటే, నీరు అడుగుభాగం దాటి 10 సెంటీమీటర్లు లేచేసరికి అర టన్ను బరువును నీరే మోస్తుంది. చక్రాల పట్టు అంత మేర పోతుంది. రెండడుగుల ప్రవాహం చాలా వాహనాలను కొట్టుకుపోగలదని అమెరికా వాతావరణ శాఖ హెచ్చరించేది ఇందుకే. కాజ్‌వే మీద మునిగిన అంచు కనిపించకపోవడం, మధ్యలో గండి పడి ఉండటం వేరే కథ. దానికి ఏ స్ప్రింగూ జవాబు చెప్పదు.

నిలవనీటిలో తిరిగే బండికి స్ప్రింగులకన్నా ముందు చేయాల్సిన చిన్న పని ఒకటుంది. పరుగులో వేడెక్కిన ఇరుసు హౌసింగు చల్లటి నీటిలో మునగగానే లోపలి గాలి ముడుచుకుని, సీళ్ల సందుల్లోంచీ బ్రీదర్‌లోంచీ నీటిని పీల్చుకుంటుంది. నెల తర్వాత నట్టు విప్పి చూస్తే గేరు నూనె పాలు పోసిన టీ రంగులో కారుతుంది. బ్రీదర్‌కు సన్నటి గొట్టం తగిలించి బానెట్ ఎత్తుకు తీసుకెళితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

అంతర్వేది, ఓడలరేవు తీరాలకు, ఉప్పునీటి చెరువులకు తిరిగే బండ్లకు తుప్పు కూడా తోడవుతుంది. తిరిగొచ్చిన రోజే అడుగంతా మంచినీటితో కడగడం తప్ప చవకైన ఉపాయం లేదు.

బురదలో పట్టు ఎక్కడిది

నల్లరేగడి, ఒండ్రు తడిస్తే పైపొర జారుతుంది, లోపలి పొర కూరుకుపోతుంది. దిగబడటాన్ని తగ్గించేది నేల మీద బరువు పరుచుకునే వైశాల్యం. టైర్లలో గాలి 30 పీఎస్ఐ నుంచి 18, 20కి దించితే టైరు పొడవుగా పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది. తీరంలో ఇసుక మీదా ఇదే సూత్రం. ఖర్చు లేదు, అయితే తారురోడ్డెక్కే ముందు గాలి నింపుకోవడానికి చిన్న పంపు వెంట ఉండాలి. తక్కువ గాలితో వేగంగా వెళితే టైరు పక్కగోడలు వేడెక్కి పగులుతాయి. రిమ్ము నుంచి టైరు ఊడే ప్రమాదమూ ఉంది. ఇదే నేలలో నాలుగంగుళాల లిఫ్టు వల్ల పట్టు పెరగదు. బురద నుంచి డిఫరెన్షియల్ లేవదు. ఎక్కి దిగడం కష్టమవుతుంది, ఇంట్లో పెద్దవాళ్లు ఆ బండెక్కడం మానేస్తారు.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో చేర్చిన 182ఎ సెక్షన్ అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. ముందు బిగించే ఇనుప బుల్ బార్లను కేంద్రం 2017 డిసెంబరులోనే వద్దంది. స్ప్రింగుల మార్పు బయటికి కనబడనంత కాలం బ్రేకు ఇన్‌స్పెక్టర్ అడగకపోవచ్చు. ప్రమాదం జరిగాక వచ్చే బీమా సర్వేయరు మాత్రం బండి అడుగు చూస్తారు. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమును చిక్కుల్లో పడేస్తుంది.

ఎత్తిన బండి చేతికొస్తే

సెకండ్ హ్యాండ్‌లో వచ్చిన బండికి ముందుగా చేయాల్సింది కొలత. చక్రం నడుమ నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు వైపులా టేపు పెట్టి, మార్చని బండి కొలతతో పోల్చితే ఎంత లేపారో, ఎటు వాలిందో తేలుతుంది. రెండంగుళాల లోపైతే క్యాస్టర్ బుష్‌లు, సరిజోడు షాకబ్జర్లు, బ్రేకు గొట్టాలతో చాలావరకు సర్దుకుంటుంది. మూడు నాలుగంగుళాలైతే ఆర్ములు, షాఫ్టు, స్టీరింగ్ లింకు దాకా ఖర్చు పాకుతుంది. అంత ఖర్చు పెట్టడంకన్నా స్ప్రింగులు తీసి ఎత్తు తగ్గించడం డెల్టా వాడకానికి తెలివైన పని.

బుష్‌ల విషయంలో మెకానిక్ పక్కనే నిలబడి చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. రబ్బరు బుష్ బోల్టులను బండి జాకీ మీద, చక్రాలు వేలాడుతుండగా పూర్తిగా బిగిస్తే, బండి నేల మీదకు దిగగానే రబ్బరు మెలిపడి ఆ మెలికలోనే ఉండిపోతుంది. కొద్ది నెలల్లో చిరుగుతుంది, అప్పటిదాకా ఎత్తు కూడా తప్పుగా కనిపిస్తుంది. బోల్టులు చేతిబిగువుగా పెట్టి, బండిని దించి, ముందుకూ వెనక్కూ నాలుగడుగులు నడిపి, బరువు చక్రాల మీద ఉండగా చివరి బిగింపు వేయాలి. ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులను, ఆర్ము బోల్టులను మరోసారి టార్కు పానాతో చూసి, అలైన్‌మెంట్ ఆ తర్వాతే చేయించాలి.